శ్వాననిద్ర సరే, ఎన్ని గంటలు?

అక్క వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. మేనల్లుడు చదువుతున్న రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో సంక్రాంతి తరవాత అమలయ్యే కొత్త టైంటేబుల్. ఇంతవరకు ఐదింటికి లేపేవాళ్లు, ఇకమీదట నాలుగున్నరకే. ఐదింటికల్లా స్టడీ హాల్లో ఉండాలి. రాత్రి స్టడీ పదిన్నర వరకు, పదకొండుకి లైట్లు ఆపేస్తారు. అడుగున ఎర్రక్షరాల్లో ‘తల్లిదండ్రుల కోరిక మేరకు’ అని ఉంది. దాని వెనకే అక్క మెసేజీ: "వాడికి రక్తం తక్కువేమోరా తమ్ముడూ, ఎప్పుడు ఫోన్ చేసినా నీరసం అంటున్నాడు. ఏం టెస్టులు చేయిద్దాం?"

జువాలజీ చెప్పేవాణ్ని కాబట్టి మా చుట్టాల్లో నేను సగం డాక్టర్ని. ముందు వాణ్ని పడుకోనివ్వమన్నాను. ఆ సలహా అక్కకి ఆనలేదు. ఔటింగ్ రోజున తీసుకెళ్లి హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, విటమిన్ డి అన్నీ చేయించింది. డి కాస్త తక్కువ, మిగతావన్నీ బాగున్నాయి. అసలు డాక్టరు అంతా చూసి, "ఎన్నింటికి పడుకుంటావ్ బాబూ, ఎన్నింటికి లేస్తావ్?" అని అడిగి, జవాబు విని నవ్వి, ఓ మల్టీవిటమిన్ రాశాడట. ఆ మల్టీవిటమిన్ మాత్రం అక్క శ్రద్ధగా నెల రోజులకి సరిపడా కొనిచ్చింది.

పదహారేళ్ల పిల్లల్ని తెల్లవారుజామున లేపి చదివించడం వాళ్ల ఒంటికి ఎంత చేటో, ఏ ర్యాంకు కోసం లేపుతున్నారో ఆ ర్యాంకుకీ అంతే చేటని నా అభిప్రాయం. ఈ మాట స్టాఫ్ రూముల్లో అన్నప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్లు ‘అవును సార్’ అని, బెల్లు కొట్టగానే లేచి వెళ్లిపోయేవారు. అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఐదింటి స్టడీ హాలు

ఇప్పుడు ప్రభుత్వ కాలేజీలో ఉన్నాను గానీ, అంతకుముందు చాలా ఏళ్లు విజయవాడ చుట్టుపక్కల రెసిడెన్షియల్ క్యాంపసుల్లో చెప్పాను. తెల్లవారుజామున స్టడీ హాల్లో పిల్లలు పుస్తకాలు తెరిచే కూర్చుంటారు. కునికిపాట్లు పడేవాళ్లని లేపి నిలబెడతారు, నిలబడి కూడా ఊగేవాళ్లని మొహం కడుక్కు రమ్మంటారు. నోట్సులు చూస్తే సంగతి తెలిసిపోతుంది. పేజీ పైన ముత్యాల్లాంటి అక్షరాలు, నాలుగో లైనుకి వంకర్లు, ఆరో లైను దగ్గర పెన్ను జారి మార్జిన్ దాకా ఒక గీత. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు కదా. స్టీలు స్టూలు మీద, ట్యూబులైటు కింద, పక్కవాడు గిల్లుతుండగా కూడా నిద్ర వచ్చేస్తుంది.

సెకండియర్ జువాలజీలో అంతస్స్రావ గ్రంథుల పాఠం ఉంది. పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ని స్రవిస్తుంది, అది నిద్ర-మెలకువల లయని క్రమబద్ధం చేస్తుంది అని పిల్లలు ఆ ఐదింటి స్టడీలోనే బట్టీ పట్టేవారు. ఒకసారి ఒకడు ఆ పేజీ మీదే చెంప ఆనించి నిద్రపోయాడు. ఫ్లోర్ ఇన్‌ఛార్జి లేపబోతుంటే, "ఉండనివ్వండి, ప్రాక్టికల్ చేస్తున్నాడు" అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు.

వాళ్ల గడియారం వేరు

ఆ మెలటోనిన్ గురించి పాఠ్యపుస్తకం చెప్పని సంగతి ఒకటుంది. యుక్తవయసులో అది రాత్రిపూట ఊరడం మొదలయ్యే వేళ వెనక్కి జరుగుతుంది. ఎనిమిదేళ్లప్పుడు తొమ్మిదింటికే తూలిపోయిన పిల్లాడు పదహారేళ్లకి పదకొండైనా కళ్లు పెద్దవి చేసుకుని కూర్చుంటాడు. పైగా, పొద్దుణ్నుంచి మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో పేరుకునే నిద్ర ఒత్తిడి కూడా ఆ వయసులో నెమ్మదిగా పెరుగుతుంది. దీన్ని బద్ధకం అనుకుంటాం గానీ, మీసాలు రావడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఇరవై దాటాక మెల్లగా మళ్లీ ముందుకి జరుగుతుంది.

మేరీ కార్స్‌కాడన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త జీవితమంతా దీని మీదే పనిచేసింది. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో పిల్లలకి వేసవి నిద్ర శిబిరం పెట్టింది. పెద్దవుతున్నకొద్దీ పిల్లలకి నిద్ర అవసరం తగ్గుతుందని అప్పటి నమ్మకం. రాత్రికి పది గంటలు పడుకునే వీలిచ్చి ఏటేటా వాళ్లనే పిలిచి కొలిస్తే, చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ ఒకేలా తొమ్మిది గంటలకి పైగా నిద్రపోయారు. పైపెచ్చు అంత నిద్రపోయాక కూడా పగటిపూట మత్తు పెద్ద పిల్లల్లోనే ఎక్కువ. అదే కార్స్‌కాడన్ బృందం 1998లో ఇంకో పరిశీలన ప్రచురించింది. పై తరగతికి వెళ్లగానే 7:20కే బడి మొదలయ్యే పిల్లల్ని పొద్దున ల్యాబులో పడుకోబెట్టి చూస్తే, దాదాపు సగం మంది నేరుగా కలల నిద్రలోకి జారిపోయారు. మామూలు మనిషి ఆ దశకి చేరడానికి గంటా గంటన్నర పడుతుంది. పడుకున్న నిమిషాల్లోనే అక్కడికి వెళ్లిపోవడం నార్కొలెప్సీ, అంటే పట్టపగలే ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు ఉన్న రోగుల్లో కనిపించే లక్షణం. ఆ పిల్లలకి ఏ జబ్బూ లేదు, ఉన్నదల్లా 7:20 బడి. మనవాళ్లది ఐదింటి బడి.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ 2016లో తేల్చింది. అక్క పంపిన టైంటేబుల్లో ఉన్నది ఐదున్నర, అదీ లైటు ఆర్పిన క్షణంలో నిద్రపడితే.

కాలేజీ గోడల మీద రాసి ఉంటుంది చూడండి, విద్యార్థికి ఉండాల్సిన అయిదు లక్షణాల శ్లోకం. కాకచేష్ట, బకధ్యానం, శ్వాననిద్ర. జువాలజీ వాణ్ని కాబట్టి ఓ మాట చెప్పాలి. కుక్క చప్పుడైతే లేస్తుంది, నిజమే. కానీ విడతలు విడతలుగా రోజుకి పది పన్నెండు గంటలు పడుకుంటుంది. ఆ రెండో సగాన్ని కూడా గోడ మీద రాయించమని ప్రిన్సిపాల్‌కి చెప్పాలని నాకెప్పుడూ ఉండేది.

పోయేది ఏ నిద్ర?

పేరెంట్స్ మీటింగుల్లో అమ్మలు ఎక్కువగా అడిగే ప్రశ్న, "నిద్ర లేకపోతే ఎత్తు పెరగరా సార్?" అని. దీని గురించి అంత బెంగ అక్కర్లేదనుకుంటాను. పెరుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది రాత్రి మొదటి భాగంలో వచ్చే గాఢనిద్రలో. నిద్ర తగ్గినప్పుడు మెదడు ఆ గాఢనిద్రని ఎలాగోలా కాపాడుకుంటుంది. కలల నిద్రలో ఎక్కువ భాగం తెల్లవారుజామునే వస్తుంది కాబట్టి నాలుగున్నర బెల్లు కత్తిరించేది దాన్ని. మనసుకి తగిలిన దెబ్బల్ని, భయాల్ని, అవమానాల్ని సర్దుకోవడంలో ఆ నిద్రకి పాత్ర ఉందని పరిశోధకులు చెబుతారు. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గి, సెక్షన్ మార్చేసి, డీన్ అందరి ముందూ నిలబెట్టిన రోజు రాత్రే ఆ పిల్లాడికి ఆ నిద్ర అన్నిటికంటే ఎక్కువ కావాలి.

నేను చూసిన మార్పుల్లో మొదటిది చిరాకు. అయినదానికీ కానిదానికీ రూమ్మేటుతో గొడవ. తరవాత ఏడుపు. ఇంటికి ఫోన్ చేసే ఆదివారం క్యూలో నిలబడ్డప్పుడే కొందరికి కళ్లు నిండిపోయేవి. నిద్రలేమి ఒక్కటే కుంగుబాటుకి కారణమని నేను అనడం లేదు. కుంగుబాటు నిద్రని చెడగొడుతుంది, చెడిన నిద్ర కుంగుబాటుని పెంచుతుంది, ఏది ముందో విడదీయడం కష్టం. అయితే ఈ రెండింట్లో హాస్టలు నడిపేవాళ్ల చేతిలో ఉన్నది ఒకటే.

ఒంటి సంగతులూ చిన్నవేం కావు. ఆరోగ్యవంతులైన కుర్రాళ్లని ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, వాళ్ల రక్తంలోంచి చక్కెర తొలగే వేగం తొలిదశ డయాబెటిస్‌లా మందగించిందని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆకలి పెంచే హార్మోను పెరిగి, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. హాస్టలు క్యాంటీన్లో రాత్రి పదకొండు ముందు పఫ్‌లు, బిస్కెట్ పాకెట్లు ఎందుకలా అమ్ముడుపోతాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. 2015లో ఇంకో ప్రయోగంలో, ముక్కులో జలుబు వైరస్ వేసి చూస్తే, ఆరు గంటల కంటే తక్కువ పడుకునేవాళ్లకి జలుబు పట్టే అవకాశం ఏడు గంటలు దాటి పడుకునేవాళ్ల కంటే నాలుగు రెట్లు ఎక్కువ తేలింది. ఒక రూములో జ్వరం మొదలైతే ఫ్లోరంతా పాకడానికి ఇరుకు ఒక్కటే కారణం కాకపోవచ్చు.

చదువు మాటేమిటి?

ఆరోగ్యం మాట ఎత్తితే తలూపి వదిలేసేవాళ్లు కూడా ర్యాంకు అంటే వింటారు. మన పిల్లలకి బాగా దగ్గరగా ఉండే పరిశోధన సింగపూర్‌ది. అక్కడా పోటీ పరీక్షలే, అక్కడా అమ్మానాన్నల ఒత్తిడే. 2016లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 15 నుంచి 19 ఏళ్ల చురుకైన విద్యార్థుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి వారం పాటు రాత్రికి తొమ్మిది గంటలు, రెండో జట్టుకి అయిదు. అయిదు గంటల జట్టులో రోజురోజుకీ ఏకాగ్రత, పనిజ్ఞాపకం (చేస్తున్న పనికి కావలసినవి బుర్రలో పట్టి ఉంచుకోవడం), లెక్కలు చేసే వేగం పడిపోతూ వచ్చాయి. తరవాత వరసగా రెండు రాత్రులు తొమ్మిదేసి గంటలు పడుకోనిచ్చినా పూర్తిగా కోలుకోలేదు. దసరాకి ఇంటికొచ్చిన పిల్లాడు రెండ్రోజులు మంచం దిగకపోతే తిట్టే నాన్నలు దీన్ని గుర్తుంచుకోవాలి. ఆ రెండ్రోజులూ చాలవు.

అంతకంటే భయపెట్టేది 2003 నాటి ఒక ప్రయోగం. పెద్దవాళ్లని రెండు వారాలు రోజుకి ఆరు గంటలే పడుకోనిచ్చారు. చివరికి వాళ్ల ఏకాగ్రత, ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రపోని వాళ్ల స్థాయికి దిగిపోయింది. ‘నిద్ర వస్తోందా?’ అని అడిగితే మాత్రం, మొదటి కొన్ని రోజుల తరవాత ‘పెద్దగా లేదు, అలవాటైపోయింది’ అన్నట్టే చెప్పారు. సామర్థ్యం పడిపోతూనే ఉంది, అది పడిపోతోందన్న గ్రహింపు ఆగిపోయింది. ‘మొదట్లో కష్టంగా ఉంటుంది, నెలకి అలవాటు పడతారు’ అని అడ్మిషన్ అప్పుడు పీఆర్వోలు చెప్పే మాట ఇదే.

‘పరీక్షకి పొద్దున్నే మెదడు చురుగ్గా ఉండాలి, అందుకే ఈ అలవాటు’ అనే వాదన ఒకటుంది. జేఈఈ మెయిన్ మొదటి షిఫ్టు తొమ్మిదికి, రెండోది మధ్యాహ్నం మూడింటికి. నీట్ మధ్యాహ్నం రెండింటికి. తెల్లవారి ఐదింటికి పెట్టే ప్రవేశపరీక్ష ఈ దేశంలో ఏదీ లేదు.

మరి ర్యాంకులు ఎలా వస్తున్నాయి? న్యాయమైన ప్రశ్నే. పదో తరగతిలోనే వడపోసి ఏరిన పిల్లలు వాళ్లు. బాగా చెప్పే లెక్చరర్లు, వారం వారం పరీక్షలు, తమలాంటి వాళ్లే చుట్టూ ఉండటం, ఇవన్నీ పనిచేస్తాయి. అందులో ఐదింటి స్టడీ వాటా ఎంతో ఎవరూ కొలవలేదు. కానీ నేను పనిచేసిన ఒక క్యాంపస్‌లో టాప్ బ్యాచ్‌ని మిగతావాళ్ల కంటే అరగంట ఆలస్యంగా లేపేవారు. ఎందుకని ఇన్‌ఛార్జిని అడిగాను. "వాళ్లు ఫ్రెష్‌గా ఉండాలి సార్, ర్యాంకులు తేవాల్సింది వాళ్లే కదా" అన్నాడు. నిద్ర విలువ యాజమాన్యానికి తెలియదని ఆ రోజు నుంచి నేను అనుకోవడం మానేశాను.

మిగతా సెక్షన్లని అంత పొద్దున్నే ఎందుకు లేపుతారన్నదానికి అదే మనిషి ఇంకో రోజు అసలు కారణం చెప్పాడు. ఫ్లోర్‌కి ఉన్న బాత్‌రూములు అంతంతమాత్రం. అందరి స్నానాలూ టిఫిను వేళకి తెమలాలంటే చీకటితోనే మొదలెట్టాలి. బ్రాహ్మీ ముహూర్తం, క్రమశిక్షణ అని బ్రోచర్లో వేసుకున్నదాని వెనక కొంత ప్లంబింగ్ ఉందన్నమాట.

సెల్‌ఫోను, తాతయ్య

‘పిల్లలకి నిద్ర లేనిది సెల్‌ఫోన్ల వల్ల, కాలేజీల వల్ల కాదు’ అంటారు. ఇంటి దగ్గరుండి చదివేవాళ్ల విషయంలో దీన్ని చాలావరకు ఒప్పుకుంటాను. దుప్పటిలో రీల్స్ చూస్తూ ఒంటిగంట చేసేవాళ్లు మా ప్రభుత్వ కాలేజీలోనూ కావలసినంత మంది. కానీ హాస్టల్లో ఫోను ఉండదు. దొరికితే వార్డెన్ లాక్కుంటాడు. ఫోను లేని చోటే నిద్ర ఇంత తక్కువగా ఉంటే నేరం మొత్తం ఫోను మీద ఎలా వేస్తాం?

‘మా తాత కోడికూతకే లేచేవాడు’ అన్నది రెండోది. మా తాతా లేచేవాడు. రాత్రి ఎనిమిదిన్నరకల్లా అరుగు మీద గుర్రు పెట్టేవాడు కూడా. మనం ఆయన పొద్దుని మాత్రం తీసుకుని రాత్రిని వదిలేశాం.

సందేహం ఒకటి నాకూ ఉంది. ఆలస్యంగా లేపితే పిల్లలు నిజంగా ఎక్కువ పడుకుంటారా, కబుర్లతో ఇంకో గంట లాగుతారా? సియాటెల్‌లో 2016లో హైస్కూళ్లని 7:50 నుంచి 8:45కి మారిస్తే పిల్లలు రోజుకి 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. సింగపూర్‌లో ఒక బాలికల బడి ముప్పావుగంట ఆలస్యంగా మొదలెట్టి చూసింది. తొమ్మిది నెలల తరవాత అసలు నిద్రలో మిగిలిన లాభం పది నిమిషాలు. కాబట్టి పొద్దున బెల్లు ఒక్కటి మార్చితే చాలదు, రాత్రి స్టడీ కూడా ముందుకి జరగాలి. పదికి లైట్లు ఆపి ఆరున్నరకి లేపినా, భోజనాలకీ కాస్త ఆటకీ పోను పది గంటల పైనే చదువు మిగులుతుంది. దానికి మించి పదహారేళ్ల బుర్రలోకి ఏం ఎక్కుతుందో చెప్పగలిగిన లెక్చరర్ని నేను చూడలేదు.

బావ మాట

ఇదంతా ఫోన్లో బావకి చెప్పాను. పొలం అమ్మి ఫీజు కట్టిన మనిషి, ఆయన్ని తక్కువ చెయ్యను. "కళ్లు మూసుకుంటే రెండేళ్లు గడిచిపోతాయి బావా" అన్నాడు. కళ్లు మూసుకోనివ్వడం లేదనే కదా గొడవ అంటే నవ్వాడు. నవ్వి, "పక్క కాలేజీలో నాలుగింటికే లేపుతున్నారట. మనవాణ్ని పడుకోబెడితే వెనకబడడా?" అన్నాడు.

ఆ రెండేళ్లు ఇప్పుడు రెండేళ్లు కావు, ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ బ్యాచులు ఉన్నాయి. ఇక పక్క కాలేజీ సంగతి నిజంగానే చిక్కుముడి. ఒక్క కాలేజీ పిల్లల్ని పడుకోనిస్తే అడ్మిషన్లు పోతాయని దాని భయం. తల్లిదండ్రులకి కనిపించేది గంటలు, బుర్ర కాదు. అందుకే ఎవరికివారు మారాలని చెప్పడం వృథా, అందరికీ ఒకే నిబంధన కావాలి. కొరియాలో ‘నాలుగు గంటలు పడుకుంటే పాస్, అయిదైతే ఫెయిల్’ అని సామెతే ఉంది. అలాంటి దేశంలో సియోల్ నగరం ప్రైవేటు కోచింగులు రాత్రి పదికి మూసెయ్యాలని నిబంధన పెట్టింది, అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2009లో దాన్ని సమర్థించింది. దొంగచాటుగా నడిపేవాళ్లు నడిపారు. అయినా పదన్నది అందరికీ తెలిసిన గీత అయింది.

మన దేశంలో మహారాష్ట్ర 2024 ఫిబ్రవరిలో, పిల్లల నిద్ర కోసమే, నాలుగో తరగతి వరకు బడి తొమ్మిదికి ముందు పెట్టకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కానీ తమంతట తామే పొద్దున్నే లేచేది ఆ చిన్నపిల్లలు, లేవలేనిది వాళ్ల అన్నలూ అక్కలూ. అదే ఏడాది జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకి అయిదు గంటలకి మించకూడదు, మరీ పొద్దున్నే గానీ మరీ రాత్రి గానీ పెట్టకూడదు అని. మరీ పొద్దున్నే అంటే ఎన్నింటికో అందులో లేదు. పైగా అవి కోచింగ్ సెంటర్లకి. మన రెండు రాష్ట్రాల్లో కోచింగ్ చాలావరకు జరిగేది జూనియర్ కాలేజీ అని బోర్డు పెట్టుకున్న చోటే.

కాబట్టి చెయ్యాల్సింది ఇంటర్ బోర్డులు. అఫిలియేషన్ ఇచ్చేటప్పుడు ఫైర్ ఎన్‌వోసీ అడుగుతున్నారు, భవనం కాగితాలు అడుగుతున్నారు. హాస్టల్లో లైట్లు ఆపడానికీ పొద్దున బెల్లు కొట్టడానికీ మధ్య ఎనిమిదిన్నర గంటలు ఉండాలన్న షరతు కూడా ఆ కాగితాల్లోనే చేర్చొచ్చు. పక్కనే ఇంకో గడి పెట్టి, ఎంతమందికి ఎన్ని బాత్‌రూములో కూడా రాయించుకోవాలి.